శుభం పలకని కాక్‌పిట్

"శుభమా అని మొదలుపెడుతుంటే ఆ అపశకునం మాటలేంటయ్యా?"

నా పదిహేడేళ్ళ సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కంపెనీలు మారాయి, మేనేజర్లు మారారు, మాట మాత్రం మారలేదు. ఒకాయన అచ్చ తెలుగులో అంటాడు, ఇంకొకాయన "కొంచెం పాజిటివ్‌గా ఆలోచించు బాస్" అంటాడు, మరొకాయన ఏమీ అనకుండా నవ్వేసి తర్వాతి స్లైడుకి వెళ్ళిపోతాడు. భావం ఒకటే. రిలీజు ముందు మీటింగులో "ఇది ఫెయిలైతే ఏం చేద్దాం?" అని అడిగినవాడు "శుభం పలకరా మంకెన్నా" సామెతలో మంకెన్న. (ఆ సామెత రెండో సగం నేనిక్కడ రాయను, తెలిసినవాళ్ళకి తెలుసు.)

ఈ టపా మంకెన్నల తరఫున రాస్తున్నది. నచ్చనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

మా బాబాయిగారబ్బాయి ఒక ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసరు. ఆమధ్య కాకినాడలో మా ఇంటి పెళ్ళికొచ్చాడు. భోజనాలయ్యాక అందరూ వాడి చుట్టూ చేరారు. మా పెదనాన్న అడిగాడు, "ఒరే, విమానం లేపేముందు దేవుడికి దణ్ణం పెట్టుకుంటార్రా?" అని. వాడు "ఎవరిష్టం వాళ్ళది పెదనాన్నా. కానీ ఇంజను ఆగిపోతే ఏం చెయ్యాలో మాత్రం ఇద్దరం గట్టిగా చెప్పుకుంటాం" అన్నాడు. "ఎప్పుడైనానా?" "కాదు, ప్రతిసారీ. రోజుకి నాలుగు ఫ్లైట్లుంటే నాలుగుసార్లూ." పెదనాన్న "శివ శివా" అని చెవులు మూసుకున్నాడు. పెళ్ళింట్లో అడగాల్సిన ప్రశ్న కాదని ఆయనే తేల్చేసి తాంబూలం కోసం లేచిపోయాడు.

నేను మాత్రం వదల్లేదు. ఆ రాత్రి డాబా మీద కూర్చోబెట్టి, ఏం చెప్పుకుంటారో మొత్తం చెప్పించుకున్నాను. ఎయిర్‌లైను ఎయిర్‌లైనుకీ మాటలు కొంచెం మారతాయట కానీ వరస ఇంచుమించు ఇదేనట. కెప్టెన్ ఫస్ట్ ఆఫీసరుతో అంటాడు:

"వంద నాట్లలోపు ఏ తేడా వచ్చినా ఆపడానికే చూస్తాను. వంద దాటాక వీ-1 దాకా మంట, ఇంజను పోవడం, విమానం ఎగరదనిపించడం, ఇలాంటి పెద్దవాటికే ఆపుతాను. ఆపాలంటే స్టాప్ అంటాను. నువ్వు రివర్సర్లు తెరుచుకున్నాయా, వేగం తగ్గుతోందా చూసి చెప్పు, టవరుకి చెప్పు. వీ-1 దాటాక ఏమొచ్చినా గాల్లోకే. గేరు పైకి తియ్యడం తప్ప నాలుగొందల అడుగులదాకా ఇద్దరం దేన్నీ ముట్టుకోం. ఇవాళ ఇంజను పోతే మామూలు దారిలో వెళ్ళం, తిన్నగా ఫలానా పాయింటుదాకా వెళ్ళి ఎడమకి తిరుగుతాం. నీకేమైనా అనుమానముందా?"

అంతే. నిమిషం కూడా పట్టదు. కానీ ఆ నిమిషంలో ఎంత సరుకుందో చూడండి.

ముందు వీ-1 సంగతి. మన టీవీ వాళ్ళు దీన్ని "నిర్ణయం తీసుకునే వేగం" అంటారు. తప్పు. వీ-1 వచ్చేసరికి నిర్ణయం అయిపోయి, ఆపడానికి మొదటి పని మొదలైపోయి ఉండాలి. విమానం బరువు, ఎండ, గాలి, రన్‌వే పొడుగు, తడిగా ఉందా పొడిగా ఉందా, అన్నీ చూసి ప్రతి టేకాఫ్‌కీ విడిగా లెక్కకట్టే అంకె అది. ఉదాహరణకి 140 నాట్లు అనుకోండి. గంటకి దాదాపు 260 కిలోమీటర్లు. అంటే సెకనుకి 72 మీటర్లు. ఒక్క సెకను తటపటాయిస్తే మిగిలిన రన్‌వేలో 72 మీటర్లు హరీ. అందుకే టేకాఫ్ పరుగులో విమానాన్ని ఎవరు నడుపుతున్నా చాలా ఎయిర్‌లైన్లలో థ్రస్ట్ లివర్ల మీద చెయ్యి కెప్టెన్‌దే. "వీ-వన్" అని పిలుపు వినబడగానే ఆ చెయ్యి తీసేస్తాడు. ఎందుకు తీసేస్తాడట? అక్కడే ఉంటే కంగారులో వెనక్కి లాగేస్తాడేమోనని! తన మీద తనకి అపనమ్మకం ఉండాలని పద్ధతిలోనే రాసుకున్న వృత్తి ఇంకొకటి నాకు కనబడలేదు.

తర్వాత, ఆ నాలుగొందల అడుగులు. ఇంజను పోయిన విమానం ముక్కు ఒక పక్కకి లాగుతుంది. కాలితో రడ్డర్ తొక్కి తిన్నగా ఉంచాలి. ఏ కాలికి పని లేదో ఆ వైపు ఇంజను పోయినట్టని ట్రైనింగులో చెప్తారట. ముందు విమానాన్ని ఎగరనివ్వడం, పైకి వెళ్తోందని చూసుకుని చక్రాలు లోపలికి తీయడం. మిగతావన్నీ తర్వాతే. ఎర్ర దీపాలు వెలుగుతుంటాయి, గంటలు మోగుతుంటాయి. గంట ఆపేసి, చేతులు దగ్గర పెట్టుకుని, ఎక్కుతారు. నాలుగొందలు దాటాకే ఏ ఇంజను పోయిందో ఇద్దరూ చూసి పైకి చెప్పుకుంటారు. ఇంధనం ఆపే స్విచ్చి మీద ఒకరు చెయ్యి వేసి ఆగుతారు, రెండోవాళ్ళు చూసి "కన్ఫర్మ్" అంటారు, అప్పుడు కదుపుతారు. వేగంగా చేసినందుకు ఎవరూ మార్కులు వెయ్యరు. "సిమ్యులేటర్‌లో మా ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన, ముందు మీ చేతుల మీద కూర్చోండి అనేవారు అన్నయ్యా" అన్నాడు మావాడు.

ఇక ఆ "ఎడమకి తిరుగుతాం" అన్న ముక్క. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. రెండు ఇంజన్ల విమానం ఒక్క ఇంజనుతో, చక్రాలు లోపలికి తీసేశాక, కనీసం 2.4 శాతం వాలులో ఎక్కగలగాలని నిబంధన. నూరు మీటర్లు ముందుకెళ్తే 2.4 మీటర్లు పైకి. దారిలో కొండలూ టవర్లూ దాటుతుందా అని లెక్కేసేటప్పుడు దాన్లోంచి 0.8 కోసేసి 1.6 గానే లెక్కేస్తారు. మన ఫ్లైఓవర్లే అంతకన్నా నిటారుగా ఉంటాయి. మామూలుగా విమానాశ్రయం నించి బయటికి వెళ్ళడానికి అచ్చువేసిన దారులేమో అన్ని ఇంజన్లూ పనిచేస్తాయన్న భరోసాతో గీసినవి. వాటికి సాధారణంగా 3.3 శాతం కావాలి. అంటే ఒక ఇంజను పోయిన విమానం ఆ దారిలో పోతే ముందున్న కొండని దాటకపోవచ్చు. అందుకని ఎయిర్‌లైన్లలో పెర్ఫార్మెన్స్ ఇంజనీర్లు కూర్చుని, అవసరమైన ప్రతి రన్‌వేకీ, ఈ చివరా ఆ చివరా విడివిడిగా, ఒక్క ఇంజనుతో బయటపడే వేరే దారి గీసిపెడతారు. సముద్రమట్టానికి పదివేల అడుగుల పైన చుట్టూ కొండల మధ్యనున్న లేహ్ లాంటి చోట ఆ దారి లేకుండా కదలడానికే లేదు. ఎన్నడూ వాడకపోవచ్చు. చాలామంది పైలట్లు సిమ్యులేటర్లో తప్ప టేకాఫ్‌లో ఇంజను పోవడం చూడకుండానే రిటైరవుతారు. అయినా గీస్తారు, ప్రతి ఫ్లైటుకీ తీసి చదువుకుంటారు.

ఎన్నడూ జరగనిదాని కోసం ఇంత హంగామానా అంటారా? సముద్రాల మీద రెండు ఇంజన్లతో 180 నిమిషాల దూరం దాకా వెళ్ళడానికి అనుమతి కావాలంటే, గాల్లో ఇంజను ఆగిపోయే రేటు వెయ్యి ఇంజను-గంటలకి 0.02 దాటకూడదు. అంటే యాభై వేల ఇంజను-గంటలకి ఒకటి. అంత నమ్మకమైన యంత్రాన్ని వెనకాల పెట్టుకుని వీళ్ళు రోజుకి నాలుగుసార్లు "ఇది పోతే" అనుకుంటున్నారు. మనమేమో మూడు రిలీజులకి ఒకటి తగలేసుకుంటూ "పాజిటివ్‌గా ఉందాం" అంటున్నాం.

ఇప్పుడు నా ఏడుపు. 

కొన్నేళ్ళ క్రితం నేనున్న కంపెనీలో (పేరు అడగొద్దు) ఒక బ్యాంకు చెల్లింపుల సిస్టమ్ కొత్తదానికి మార్చే పని. శనివారం రాత్రి మార్పు. గురువారం మీటింగులో నేను మూడు ప్రశ్నలడిగాను. ఫెయిలైతే వెనక్కి వెళ్దామని చెప్పే హక్కు ఎవరిది? ఎన్నింటిదాకా వెనక్కి వెళ్ళొచ్చు? ఆ టైము దాటాక ఫెయిలైతే ఏంటి? డెలివరీ మేనేజరుగారు అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "పీటల మీద కూర్చున్నాక విడాకుల గురించి అడుగుతావేంటయ్యా? డాక్యుమెంటు ఉందిగా!" గది గదంతా నవ్వారు. నేనూ నవ్వాను. అది నా తప్పు. 

డాక్యుమెంటు నిజంగానే ఉంది. 64 పేజీలు. అది ఒక షేర్డ్ ఫోల్డర్లో ఉంది, ఆ ఫోల్డరు ఆ రాత్రి తెరుచుకోలేదు.

ఒంటిగంటన్నరకి ట్రాఫిక్ కొత్త సిస్టమ్‌కి మళ్ళించారు. కొత్త లావాదేవీలు కొత్త డేటాబేసులో పడటం మొదలైంది. అంటే మా వీ-1 అదే. ఆ క్షణం తర్వాత వెనక్కి వెళ్తే జనం కట్టిన డబ్బుల లెక్క పోతుంది. ఎవరైనా "వీ-వన్" అన్నారా? లేదు. ఎవరి చెయ్యైనా లివరు మీంచి తీశారా? అసలు లివరు ఎవరి చేతిలో ఉందో ఎవరికీ తెలీదు. రెండూ పదికి లావాదేవీలు ఆగిపోవడం మొదలైంది. కాల్లో ఇరవై ముగ్గురున్నాం. ఒక ఆర్కిటెక్టు "రోల్‌బ్యాక్ చెయ్యి" అంటాడు, ఇంకో ఆర్కిటెక్టు "ముందుకే వెళ్దాం, నేను ఫిక్సు ఇస్తాను" అంటాడు. కీబోర్డు ముందున్నది రెండేళ్ళ అనుభవమున్న ఒక అమ్మాయి. మొదటాయన సీనియరు, గొంతు పెద్దది. ఆ అమ్మాయి రోల్‌బ్యాక్ స్క్రిప్టు నడిపింది. సగంలో రెండో ఆయన "ఆపు ఆపు" అని అరిచాడు. ఆపింది. సగం పాతది, సగం కొత్తది. ఆదివారం మధ్యాహ్నందాకా జనానికి డబ్బు ఖాతాలోంచి కట్టయింది, అవతలివాడికి చేరలేదు. ఆదివారం పొద్దున్న మందుల షాపులో, పెట్రోలు బంకులో నిలబడి ఫోను చూపించి బతిమాలుకున్నవాళ్ళు ఎంతమందో మాకు లెక్క తెలీదు, ఫిర్యాదుల సంఖ్య తెలుసు.

సోమవారం కారణాల నివేదిక వచ్చింది. "మూల కారణం: మానవ తప్పిదం." ఆ మానవులెవరో చెప్పక్కర్లేదుగా. రెండు నెలల తర్వాత ఆ అమ్మాయి మానేసింది. ఇద్దరు ఆర్కిటెక్టుల్లో ఒకాయనకి ఆ రాత్రంతా మేలుకుని సిస్టమ్ నిలబెట్టినందుకు అవార్డు ఇచ్చారు. ఫొటో కూడా దిగారు.

ఇప్పుడు 2015 ఫిబ్రవరి 4న తైపేలో జరిగింది చూడండి. ట్రాన్స్‌ఏషియా 235, ఏటీఆర్ 72-600 విమానం. లేచిన కాసేపటికే, ఓ కనెక్షన్ లోపం వల్ల కుడి ఇంజను ప్రొపెల్లర్ తనంతట తానే ఫెదర్ అయిపోయింది, అంటే రెక్కలు గాలికి వాలుగా తిరిగిపోయి తోయడం మానేసింది. ఒక్క ఇంజనుతో ఆ విమానం హాయిగా ఎగరగలదు. కెప్టెన్ కొన్ని సెకన్లలోనే ఆటోపైలట్ తీసేసి, బాగున్న ఎడమ ఇంజను లివరు వెనక్కి లాగాడు. పక్కనున్నాయన ఆగమనీ, సరిచూసుకుందామనీ అన్నాడు. ఆగలేదు. చివరికి ఎడమ ఇంజను పూర్తిగా ఆపేశారు. తప్పు వైపు లాగానని కెప్టెన్‌కి తెలిసేసరికి తిరిగి అందుకునే ఎత్తు లేదు. లేచిన సుమారు మూడు నిమిషాల్లో కీలుంగ్ నదిలో పడింది. 58 మందిలో 43 మంది పోయారు. ఆ కెప్టెన్ ఇంజను పోయినప్పటి పద్ధతుల్లో తడబడుతున్నాడని ఆయన శిక్షణ రికార్డుల్లోనే ఉంది. ఇంకో సంగతి: టేకాఫ్ పరుగులోనే, ఇంజను పోతే తనంతట తాను సర్దుకునే ఏర్పాటు సిద్ధంగా ఉందని చూపే దీపం వెలగలేదు. ఆపాల్సిన సందర్భం. ఆపలేదు.

చేతికి దొరికినదాన్ని లాగడం కన్నా, రెండు సెకన్లు ఆగి రెండో మనిషి చేత "అవును, అదే" అనిపించుకోవడం ఎందుకు ముఖ్యమో ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఇది కొత్త పాఠం కూడా కాదు. 1989 జనవరి 8న హీత్రో నించి బెల్‌ఫాస్ట్ వెళ్తున్న బ్రిటిష్ మిడ్‌ల్యాండ్ 737-400లో ఎడమ ఇంజను పాడైతే కుడిది ఆపేశారు. కెగ్‌వర్త్ దగ్గర రోడ్డు గట్టుకి కొట్టుకుని 47 మంది చనిపోయారు. ఎడమ వైపు నిప్పురవ్వలు ప్రయాణికులకి కనబడుతూనే ఉన్నాయి. కాక్‌పిట్‌లోకి ఆ మాట చేరలేదు. 

"ఇవన్నీ పద్ధతుల గొడవ, మాకు మంచి టాలెంట్ ఉంది, ఏమొచ్చినా మావాళ్ళు చూసుకుంటారు" అనే మహానుభావులు రెండోరకం. వీళ్ళు వెంటనే హడ్సన్ నది ఎత్తుతారు. సరే, 2009 జనవరి 15, యూఎస్ ఎయిర్‌వేస్ 1549, పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయాయి, నదిలో దింపారు, 155 మందీ బతికారు. సినిమా కూడా వచ్చింది. సల్లెన్‌బర్గర్ గొప్పవాడే, కాదనను. కానీ ఆ టేకాఫ్ చేసింది ఆయన కాదు, ఫస్ట్ ఆఫీసరు స్కైల్స్. పక్షులు తగలగానే సల్లెన్‌బర్గర్ రెండు మాటల్లో విమానం తన చేతిలోకి తీసుకున్నాడు, స్కైల్స్ రెండు మాటల్లో ఇచ్చేసి చెక్‌లిస్టు అందుకున్నాడు. వాదన లేదు, "నేను చూస్తాలే" లేదు, గొంతు పెద్దవాడిది పైచేయి లేదు. స్కైల్స్ ఏ320 శిక్షణ అప్పుడే పూర్తిచేసుకుని వచ్చినవాడు, పేజీలు చేతికి వెంటనే తగిలాయి. ఆ చెక్‌లిస్టేమో బాగా ఎత్తులో రెండు ఇంజన్లూ పోతే వాడడానికి రాసింది, పూర్తిచేసే టైమే దొరకలేదు. కాబట్టి అన్నీ పుస్తకంలో ఉన్నాయని కాదు నేననేది. ఎవరు నడపాలి, ఎవరు చదవాలి అన్నది ముందే తేలిపోయి ఉంది కాబట్టే మిగిలిన తెలివంతా నది వైపు పెట్టడానికి మిగిలింది. మా కాల్లో ఇరవై ముగ్గురి తెలివీ "ఎవరు చెప్పాలి" అన్నదాని మీదే ఖర్చయిపోయింది.

మూడో రకం వాదన కొంచెం బలమైనది, దాన్ని దాటేస్తే అన్యాయం. ముందే అనుకున్న ప్రణాళికే మనుషుల్ని చంపితే? చంపింది. 1979 మే 25, షికాగో, అమెరికన్ 191, డీసీ-10. టేకాఫ్‌లో ఎడమ ఇంజను ఊడి రెక్క మీదుగా వెనక్కి పడింది. పోతూ పోతూ హైడ్రాలిక్ గొట్టాల్ని తెంపింది, ఎడమ రెక్క ముందంచున్న స్లాట్లు లోపలికి ముడుచుకున్నాయి. పైలట్లకి ఇవేవీ కనబడవు, తెలిపే హెచ్చరికలకి కరెంటు కూడా పోయింది. వాళ్ళు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశారు: ఇంజను పోతే వీ-2 వేగానికి రా. వీ-2 ఆ రోజు 153 నాట్లు. స్లాట్లు ముడుచుకున్న ఎడమ రెక్క 159 దగ్గరే స్టాలవుతుంది. పద్ధతి ప్రకారం వేగం తగ్గించుకుంటూ వెళ్ళి పడిపోయారు. విమానంలో 271 మంది, నేల మీద ఇద్దరు. 2025 నవంబరు 4న లూయిస్‌విల్‌లో యూపీఎస్ ఎండీ-11 ఎడమ ఇంజను ఊడిపోయిన దృశ్యం చూసినప్పుడు పాతవాళ్ళందరికీ షికాగోయే గుర్తొచ్చింది.

అయితే దీన్నించి ఏం తేలుతుంది? ప్రణాళిక వద్దనా? వాళ్ళు ప్రణాళికని మార్చారు. అప్పటికే వీ-2 కన్నా వేగంగా ఉంటే దాన్ని పోగొట్టుకోవద్దు, వీ-2 మీద ఓ పది నాట్లదాకా అట్టే పెట్టుకోమని పద్ధతి దిద్దారు. రాసిపెట్టుకున్నది ఉంటేనే కదా దిద్దడానికి! మా దగ్గర ఆ రాత్రి తర్వాత దిద్దడానికి ఏముంది? "మానవ తప్పిదం" అన్న రెండు ముక్కలున్నాయి.

పైగా ప్రణాళికంటే గుడ్డిగా పట్టుకువేలాడ్డం కాదు. 2017 మార్చి 8న మిషిగన్‌లోని యిప్సిలాంటిలో ఒక ఎండీ-83, ఎలివేటర్ ఇరుక్కుపోయి వీ-1 దాటినా, లేవాల్సిన వేగం దాటినా ముక్కు లేవలేదు. నడుపుతున్న కెప్టెన్ ఆపేశాడు. పక్కనున్నది ఆయన్ని పరీక్షించే చెక్ పైలట్, ఆయన నోట్లోంచి వీ-1 దాటాక అలా ఆపకూడదన్న మాట వచ్చింది. కానీ చెయ్యి అడ్డం పెట్టలేదు, కంట్రోళ్ళు లాక్కోలేదు. రన్‌వే దాటి పోయింది, విమానం పాడైంది, 116 మందీ బతికారు. "వీ-1 దాటితే వెళ్తాం, విమానం ఎగరలేనిదైతే తప్ప" అన్న ఆ చివరి ముక్క విలువ అది. ఆపాక లాక్కోకూడదన్న క్రమశిక్షణ విలువ కూడా.

అన్నట్టు, పైలట్లంతా ఋషులేం కాదు. ఈ బ్రీఫింగు రోజుకి నాలుగుసార్లు చదివితే సత్యనారాయణ వ్రతంలో ఐదో కథలా అయిపోతుందని మావాడే ఒప్పుకున్నాడు. నోరు చదువుతుంటుంది, మనసు హోటల్ బస్సులో ఉంటుంది. అందుకే ఈ మధ్య చాలా ఎయిర్‌లైన్లు పద్ధతి మార్చి, ఇవాళ ఏది తేడా, ఇవాళ మనల్ని ఏది దెబ్బతియ్యొచ్చు అన్నది ముందు మాట్లాడుకోమంటున్నాయి. రోజూ ఉండేది కుదించి, ఆ రోజుదే విడమరచడం. మే నెల మధ్యాహ్నం శంషాబాద్‌లో ఎండ గురించి, వానాకాలంలో తడి రన్‌వే గురించి. "ఎక్కువసార్లు మొదటి మాట ఫస్ట్ ఆఫీసరునే చెప్పమంటారు అన్నయ్యా. కెప్టెన్ ముందు చెప్పేస్తే నేను తలూపేస్తాను కదా" అన్నాడు. ఈ ఒక్క సంగతి మన మీటింగుల్లోకి తెస్తే చాలు, సగం మంది మేనేజర్లకి నిద్ర పట్టదు :)

ఇక నాలుగోరకం, మా జాతివాళ్ళే. "ఇదంతా సాఫ్ట్‌వేర్‌కి అప్పగించేస్తే పోలా? రెండో పైలట్ ఎందుకు, ఖర్చు తప్ప" అనేవాళ్ళు. పైన చెప్పిందంతా మళ్ళీ చదవండి. "కన్ఫర్మ్" అనేది ఎవరు? లివరు మీద చెయ్యి తీశాడా లేదా చూసేదెవరు? 2010 నవంబరు 4న సింగపూర్ నించి లేచిన నాలుగు నిమిషాలకే క్వాంటాస్ 32 ఏ380లో రెండో నంబరు ఇంజను పేలి, ముక్కలు రెక్కని చీల్చుకుపోయాయి. విమానంలో 469 మంది. కంప్యూటరు ఒకదాని మీద ఒకటి లోపాల జాబితాలు పరుస్తూ పోయింది, వాటిని తేల్చుకోవడానికి దాదాపు యాభై నిమిషాలు పట్టింది. ఆ రోజు అదృష్టం కొద్దీ కాక్‌పిట్‌లో ఐదుగురు పైలట్లున్నారు. అందరూ క్షేమం. ఐరోపా విమానయాన భద్రతా సంస్థ కూడా, పైన ప్రశాంతంగా ఎగిరే సమయంలోనైనా ఒక్క పైలట్‌తో సరిపెట్టొచ్చా అని చదివి చదివి, ఇప్పుడున్న కాక్‌పిట్లతో ఇద్దరున్నప్పటంత భద్రత ఉంటుందని చూపలేమని 2025లో తేల్చింది. నేను సాఫ్ట్‌వేరు రాసి బతుకుతున్నవాణ్ణి. నా సాఫ్ట్‌వేరు గురించి నాకు తెలుసు. నా పిల్లలు ఎక్కే విమానంలో ఇద్దరు కావాలి నాకు.

అహ్మదాబాద్ గురించి ఎందుకు రాయలేదని అడుగుతారు. 2025 జూన్ 12 నాటిది అసలు ఈ కోవ ప్రమాదం కాదు. అక్కడ లేచిన కొన్ని సెకన్లలో రెండు ఇంజన్లకీ ఇంధనం ఆగింది, స్విచ్చులు ఒకదాని తర్వాత ఒకటి కటాఫ్‌కి మారినట్టు ప్రాథమిక నివేదిక చెప్పింది. 260 మంది పోయారు. ఒక ఇంజను పోతే చేసే పద్ధతికి దానితో పోలిక లేదు. మా వాట్సాప్ గ్రూపుల్లో మర్నాడు పొద్దున్నకే తీర్పులిచ్చేసిన జడ్జీల సరసన కూర్చోవడం నాకిష్టం లేదు. రిలీజు చెడితే సోమవారం పొద్దున్నకే "మానవ తప్పిదం" అని రాసేసే చేతులే అక్కడా టైపు చేశాయి.

"విమానమంటే ప్రాణాలు, మనది ఉత్త సాఫ్ట్‌వేరు" అని చివరగా ఒకటుంటుంది. అది చెప్పేవాళ్ళని ఓ పని చెయ్యమంటాను. జేబులో రూపాయి లేకుండా, ఫోను ఒక్కటే నమ్ముకుని ఆదివారం రాత్రి ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడమంటాను. 

ఈ శుక్రవారం మా రిలీజుంది. పది నిమిషాల మీటింగు పెట్టాను. అజెండాలో మూడే లైన్లు: ఎన్నింటికి మన వీ-1, ఆపమని చెప్పే గొంతు ఎవరిది, ఎవరు కీబోర్డు ముందుంటే "కన్ఫర్మ్" అనేదెవరు. టీములో అందరికన్నా చిన్నవాడు మొదట మాట్లాడాలని కూడా రాశాను. ఇప్పటిదాకా ఇద్దరు వస్తామన్నారు, నలుగురు చూద్దామన్నారు, మేనేజరుగారు డిక్లైన్ నొక్కి "నాట్ రిక్వైర్డ్, డాక్యుమెంట్ ఈజ్ దేర్" అని పెట్టారు.

టైము మార్చి మళ్ళీ పంపించాను.